పేరు తెలియని చేపకు తొట్టిలో తోడెవరు?

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి ఒడ్డున, అడవుల అంచున పర్ణశాల గ్రామము కలదు. సీతారాములు వనవాసకాలమున ఇచట నివసించిరని ప్రజల విశ్వాసము. యాత్రికులు దేవాలయమును, సీతవాగును, వాగులోని రంగుల రాళ్లను చూచి పోవుదురు. వాగునీటిలో తిరుగు చిన్న చేపలను నిలిచి చూచువారు తక్కువ. చూచినవారును వానినన్నింటిని "పరిగెలు" అని ఒక్క మాటతో సరిపెట్టుదురు.

వర్షకాలమున గోదావరి పొంగినప్పుడు నదినీరు వాగులలోనికి ఎగదన్నును. భద్రాచలమువద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా చేరినది. అంతటి వరద రాని సంవత్సరములలో కూడ నది, వాగు, చెరువు కొంతకాలము ఒకదానితో నొకటి కలియుచుండును. వరద తీసిన పిమ్మట పల్లపు నేలలలో మడుగులు మిగులును. వానిలో నదిచేపల పిల్లలు, వాగుచేపలు, చెరువుచేపలు కలగాపులగముగా చిక్కుకొని ఉండును. కొంగలు తినగా మిగిలినవి బడిపిల్లల చేతికి చిక్కును.

అట్టి మడుగునుండి ఉన్నత పాఠశాల విద్యార్థులు మూడు చిన్న చేపలను సీసాలో తెచ్చిరనుకొందము. మూడును రెండంగుళములకు మించలేదు. మొదటిది వెండివలె మెరయుచున్నది. దాని ప్రక్కలపై రెండు నల్లని చుక్కలున్నవి. రెండవది గాజువలె పారదర్శకము. లోపలి వెన్నెముక కూడ కనబడుచున్నది. మూడవదానికి పొలుసులు లేవు, నోటివద్ద మీసములున్నవి. పాఠశాలలో గాజుతొట్టి సిద్ధముగా నున్నది. ఈ మూడింటిని కలిపి అందులో వేయవచ్చునా?

"వేసి చూతము, ఏమగునో తెలియును" అనుట సులభము. కాని మడుగులో ఒక చేప మరియొకదానినుండి పారిపోవుటకు ఎంతో కొంత చోటుండును. నాలుగు గాజుపలకల నడుమ అట్టి చోటు లేదు. అందుచేత చేపను తొట్టిలో వేయుటకు ముందే అది ఏ జాతిదో తెలిసికొనవలెను. పేరు తెలిసినచో దాని ఆహారము, అది పెరుగు పొడవు, దాని స్వభావము తెలియును. అవి తెలిసిన పిమ్మటనే దానికి తగిన తోడును నిర్ణయింపవచ్చును.

పేర్లలోని చిక్కు

మన మత్స్యకారులకు చేపల విషయమున గల అనుభవము చాల గొప్పది. వారు పెట్టిన పేర్లు శాస్త్రమునకు కూడ ఎక్కినవి. ప్యాట్రిక్ రస్సెల్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనలను, చిత్రములను 1803లో ప్రకటించెను. అందు చేపల తెలుగు పేర్లను కూడ పేర్కొనెను. మన "వాలుగ" అను మాటయే తరువాత లాటిన్ రూపమును పొంది "వాలగో" అను ప్రజాతి నామమైనది. ఈనాడు ప్రపంచములో ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఆ చేపను "వాలగో అట్టు" అనియే వ్యవహరించును.

అయినను వాడుక పేర్లతో ఒక చిక్కు కలదు. ఒకే చేపకు ఊరికొక పేరుండును. పది వేరువేరు చేపలకు ఒకే పేరుండుటయు కలదు. పరిగె, జెల్ల అను మాటలు ఒక్కొక్క చేపకు కాక ఒక్కొక్క గుంపునకు పేర్లు. కూరకు గుంపు పేరు చాలును; తొట్టికి చాలదు. కావుననే ప్రజాతి పేరు, జాతి పేరు కలిపిన రెండు మాటల శాస్త్రీయ నామము అవసరమగును.

భారతదేశపు మంచినీటి చేపలను శాస్త్రీయముగా వర్ణించినవారిలో ఫ్రాన్సిస్ హామిల్టన్ ముఖ్యుడు. గంగానదిలోను, దాని శాఖలలోను దొరకు చేపలను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1822లో వెలువడినది. పిమ్మట మద్రాసులో సైనిక వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1875 – 1878 సంవత్సరముల నడుమ భారతదేశపు చేపలపై బృహద్గ్రంథమును ప్రకటించెను. నేటికిని చేపల పరిశోధకులు ఈ రెండు గ్రంథములను తిరగవేయుచునే యుందురు.

శాస్త్రీయ నామములు కూడ శాశ్వతములు కావు. పరిశోధన పెరిగినకొలది బంధుత్వములు సరిదిద్దబడును. ఎంతో కాలము "పుంటియస్" అను ఒకే ప్రజాతిలో నుంచిన చిన్న పరిగెలను 2012లో కొన్ని ప్రజాతులుగా విభజించిరి. పాత పుస్తకములో "పుంటియస్ టిక్టో" అని యున్న చేపయే నేటి "పెథియా టిక్టో". రెండు పేర్లు చూచి రెండు చేపలని భ్రమపడరాదు.

ఏమి చూడవలెను? ఏ వరుసలో చూడవలెను?

చేపను గుర్తించుటలో తొందరపడువారు మొదట చూచునది రంగు. నిజమునకు రంగును అన్నింటికన్న చివర చూడవలెను. భయపడిన చేప వెలవెలబోవును. ఈనువేళ మగచేప ఎరుపెక్కును. పిల్లకును పెద్దదానికిని పోలికయే ఉండకపోవచ్చును. కొర్రమీను పిల్లలు నారింజ ఎరుపు రంగుతో ముచ్చటగా నుండును. పెరిగిన కొర్రమీను బూడిద నలుపు. అంగనిర్మాణము అంత త్వరగా మారదు. కనుక దానినే ఆధారము చేసికొనవలెను.

సన్నని, ఎదురుబొదురు పలకలు సమముగా నున్న చిన్న గాజుపాత్రలో కొద్ది నీరు పోసి చేపను అందుంచవలెను. వెనుక గీతల కాగితమునో కొలబద్దనో నిలిపినచో పొడవు తెలియును. భూతద్దముతో చూచి, ప్రక్కనుండి ఒక ఛాయాచిత్రము తీసి, చేపను వెంటనే పెద్ద పాత్రలోనికి మార్చవలెను. చేతితో పట్టి చూచుట చేపకును మంచిది కాదు, పట్టినవారికిని మంచిది కాదు. చూడవలసిన అంగములు ఇవి:

నోరు: నోరు పైకి తిరిగియున్నచో ఆ చేప నీటిపైభాగమున తేలు పురుగులను తినునది. క్రిందికి తిరిగియున్నచో అడుగున మేయునది. ముందునకున్నచో నడుమ తిరుగునది. నోటిచీలిక కంటి క్రిందివరకు, అంతకు మించియు సాగినచో అది వేటచేప యగుట సంభవము.

మీసములు: ఉన్నవా? ఎన్ని జతలు? ఎంత పొడవు?

వాజములు: వీపుపై నుండునది పృష్ఠవాజము. అది ఒకటా, రెండా? ముళ్లున్నవా, మెత్తని కిరణములేనా? పొట్టిదా, తోకవరకు సాగినదా? పృష్ఠవాజమునకును తోకకును నడుమ కిరణములు లేని చిన్న కండతునక యున్నచో దానిని మేదోవాజమందురు. తోకకు ముందు అడుగున నుండు పాయువాజము పొడవు కూడ గమనింపవలెను.

పార్శ్వరేఖ: మొప్పల మూతనుండి తోకవరకు ప్రక్కగా రంధ్రములుగల పొలుసుల వరుస యుండును. నీటిలోని కదలికలను చేప దీనిచే గ్రహించును. కొన్ని చేపలలో ఇది తోకవరకు సాగును. కొన్నింటిలో నడుమనే ఆగిపోవును. దగ్గరి బంధువులైన చేపలను వేరుచేయుటకు ఇది మంచి గుర్తు.

నిర్ధారణ పట్టిక

జీవశాస్త్రములో జాతులను గుర్తించుటకు జంట ప్రశ్నల పట్టికను వాడుదురు. ఒక్కొక్క అంకెవద్ద సరిపోవు లక్షణమును ఎన్నుకొని, అది చూపు అంకెకు పోవలెను. గోదావరి వాగులలోను, మడుగులలోను సాధారణముగా దొరకు గుంపులకు మాత్రము ఈ పట్టిక పనికివచ్చును.

1. శరీరము నున్నగా నుండి, పొడవైన మీసములున్నవి: 2 చూడుము. అట్లు కానిది: 5 చూడుము.

2. మేదోవాజమున్నది, మీసములు నాలుగు జతలు: జెల్లలు, అనగా మిస్టస్ ప్రజాతి. మేదోవాజము లేనిది: 3 చూడుము.

3. మీసములు రెండు జతలు, పాయువాజము మిక్కిలి పొడవు: నోటిచీలిక కంటివెనుకకు సాగినచో వాలుగ, కంటిని చేరకున్నచో ఓంపాక్ ప్రజాతి. మీసములు నాలుగు జతలు: 4 చూడుము.

4. పృష్ఠవాజము తోకదాపునకు సాగినది: మార్పు. పృష్ఠవాజము చాల పొట్టిది: ఇంగిలాయి.

5. శరీరము పామువలె పొడవు, మూతికొన కండగలిగి మొనదేరినది, పృష్ఠవాజమునకు ముందు విడివిడి ముళ్లున్నవి: బొమ్మిడాయిలు. అట్లు కానిది: 6 చూడుము.

6. తలపై పాముతలపై వలె పెద్ద పొలుసులు, ముళ్లు లేని పొడవైన పృష్ఠవాజము: కొర్రమీను, మట్టగిడస మున్నగునవి. అట్లు కానిది: 7 చూడుము.

7. పృష్ఠవాజములో ముళ్లున్నవి: 8 చూడుము. పొట్టిదై మెత్తని కిరణములతో నున్న ఒకే పృష్ఠవాజము: 9 చూడుము.

8. శరీరము బల్లపరుపు, పారదర్శకము: గాజుచేపలు. శరీరము గుండ్రము, పొట్టక్రింది వాజములు రెండును కలిసి గిన్నెవలె నున్నవి: ఇసుకదొందు. ముళ్లభాగము, మెత్తనిభాగము కలిసిన ఒకే పొడవైన పృష్ఠవాజము గలిగి, పారదర్శకము కానివి: గొరక, తిలాపియా మున్నగునవి.

9. నోరు అడుగున, చిన్న మీసములు, ఇసుకలో దూరు అలవాటు: లోచ్ చేపలు. తల పైభాగము చదును, నోరు పైకి, పృష్ఠవాజము తోకదాపున: పంచాక్స్ చేపలు. శరీరము ప్రక్కలనుండి అణగి వెండిరంగుతో నున్నవి: పరిగెలు, డానియోలు, రాస్బోరాలు.

పట్టిక గుంపువరకు తీసికొనిపోవును. జాతిని తేల్చుటకు మరికొంత సూక్ష్మపరిశీలన చేయవలెను. విద్యార్థులు తెచ్చిన మూడు చేపలను ఇపుడు పరీక్షింతము.

మొదటి చేప: రెండు చుక్కల పరిగె

ఇది 1, 5, 6, 7, 9 అంకెల మీదుగా పరిగెల గుంపునకు చేరును. ఈ ప్రాంతమున చుక్కలుగల పరిగెలలో రెండింటిని తరచు పొరబడుదురు. పుంటియస్ సోఫోరె అను దానికి తోకమొదట ఒక చుక్క, పృష్ఠవాజపు మొదట మరియొక మచ్చ యుండును. పార్శ్వరేఖ తోకవరకు సాగును. పెథియా టిక్టోకు రెండు చుక్కలును ప్రక్కనే యుండును. ఒకటి మొప్పలకు వెనుక, రెండవది పాయువాజమునకు పైన. దాని పార్శ్వరేఖ సగములో ఆగిపోవును. పృష్ఠవాజపు ముందరి గట్టికిరణము రంపపు పండ్లవలె గరుకుగా నుండును. సోఫోరెలో అది నునుపు. సీసాలోని చేపకు చుక్కలు రెండును ప్రక్కలనే యున్నవి. పార్శ్వరేఖ సగమే యున్నది. కావున అది టిక్టో. ఇది గుంపుగా తిరుగు సాధుచేప. పురుగులు, నాచు, అన్నపు మెదుకు, ఏది దొరికినను తినును.

రెండవ చేప: గాజుచేప

ఇచటనే జాగ్రత్త అవసరము. మన నీటిలోని గాజుచేపలలో రెండు ముఖ్యములు. పారాంబాసిస్ రంగా అనునది అక్వేరియం ప్రియులకు చిరపరిచితము. చందా నామా అనునది చూచుటకు దాని తోబుట్టువువలె నుండును. రెండింటిని హామిల్టన్ 1822లోనే వర్ణించెను. రెండును పారదర్శకములే. రెండింటికిని పృష్ఠవాజము ముళ్లభాగము, మెత్తనిభాగముగా విడివడి యుండును. కాని స్వభావములో మిక్కిలి భేదము కలదు. చందా నామా చిన్న పురుగులతోపాటు ఇతర చేపల పొలుసులను కూడ పెరికి తినును. ఇది ఆకలికి తాళలేక చేయు పని కాదు. దాని సహజాహారమే అది.

పొలుసు ఊడిన చోట చేప చర్మము తెరచుకొనును. శరీరమును కప్పు జిగురుపొర చెదరును. అచట నీటిలోని బూజు, బ్యాక్టీరియా చేరును. తొట్టిలో చేపలు ఒకటొకటిగా చచ్చుచుండగా యజమాని నీటిని, మేతను అనుమానించును. నిజమైన కారణము నిర్మలముగా, గాజుబొమ్మవలె ఎదుటనే ఈదుచుండును.

ఈ రెండింటిని వేరుచేయు గుర్తు నోటివద్దనే యున్నది. చందా నామాకు క్రిందిదవడ పైదవడను దాటి స్పష్టముగా ముందునకు పొడుచుకొని వచ్చును. శరీరము కొంత సాగినట్లుండును. పారాంబాసిస్ రంగాకు దవడలు ఇంచుమించు సమానము. శరీరము ఎక్కువ వెడల్పుగా నుండును. ప్రక్కనుండి తీసిన ఛాయాచిత్రమును పెద్దది చేసి చూచినచో ఈ భేదము తెలియును. విద్యార్థులు తెచ్చినదానికి క్రిందిదవడ పొడుచుకొని యున్నది. అది చందా నామా. టిక్టో దానికి తోడు కాదు, మేత.

గాజుచేపల ప్రసంగమున మరియొక విషయము చెప్పవలసియున్నది. అంగళ్లలో కొన్నిచోట్ల నీలి, గులాబి, ఆకుపచ్చ గీతలుగల గాజుచేపలను అమ్ముదురు. అది ప్రత్యేకజాతి కాదు. సాధారణ గాజుచేప చర్మము క్రిందికి సూదితో రంగు ఎక్కించి చేసిన వ్యాపారమే. ఆ రంగు కొన్ని నెలలకు వెలిసిపోవును. గాయముపాలైన చేపలలో రోగములెక్కువ. అట్టివానిని కొనకుండుటయే మంచిది.

మూడవ చేప: మీసముల పిల్ల

ఇది జెల్ల యని పలువురనుకొందురు. పట్టికలో 2వ అంకెవద్ద ఆ ఊహ నిలువదు. దీనికి మేదోవాజము లేదు; మీసములు రెండు జతలే; నోటిచీలిక కంటిని దాటి వెనుకకు పోయినది. కావున ఇది వాలుగ పిల్ల. ఈనాడు రెండంగుళములున్న ఈ చేప పెద్ద నదులలో ఒక మీటరునకు పైగా పెరుగును. నోట పట్టినదానినెల్ల మ్రింగును. ఇది ఏ పాఠశాల తొట్టిలోను ఉండదగినది కాదు.

జెల్లయైనను, ఇంగిలాయియైనను చేతితో పట్టరాదు. జెల్లల ఉరోవాజపు ముల్లు పదునైనది. ఇంగిలాయి ముల్లులో విషము కూడ కలదు. గ్రుచ్చుకొన్నచో తీవ్రమైన నొప్పి, వాపు కలుగును. గ్రుచ్చుకొన్న భాగమును చర్మము కాలకుండ ఓర్చుకొనగల వేడినీటిలో అరగంటసేపైనను ఉంచి, వైద్యుని చూడవలెను. వేడికి ఆ విషములోని ప్రోటీనులు చెడును. విద్యార్థులతో వాగునకు పోవు ఉపాధ్యాయుడు ఈ విషయమును ముందుగనే తెలుపవలెను.

ఈ విధముగా మూడు చేపలలో ఒక్కటియే పాఠశాల తొట్టికి తగినది. పేరు తెలియకముందు మూడును "చిన్న చేపలే".

తోడును నిర్ణయించు ఐదు ప్రశ్నలు

మొదటి ప్రశ్న పరిమాణము. నేటి పొడవును కాక, పూర్తిగా పెరిగిన పొడవును లెక్కింపవలెను. చేపల లోకములో స్థూలమైన నియమమొకటి కలదు: ఒకదాని నోటిలో పట్టునది దానికి ఆహారము. మట్టగిడస, వాలుగ, ఇసుకదొందు ఈ నియమమున చిన్న పరిగెలకు శత్రువులు.

రెండవది స్వభావము. కొన్ని చేపలు పరిమాణమున చిన్నవైనను, ఇతర చేపల పొడవైన వాజములను కొరుకును. సుమత్రా ద్వీపపు చారల పరిగెకు ఈ అపకీర్తి కలదు. దేవచేప, పోట్లాట చేప వంటి పొడవైన వాజములుగల చేపలను దానితో నుంచరాదు. పోట్లాట చేపలలో రెండు మగచేపలను ఒకే తొట్టిలో నుంచినచో ఒకటి చచ్చువరకు పోరు సాగవచ్చును.

మూడవది గుంపు. టిక్టో, డానియో, రాస్బోరాలు గుంపుగా జీవించును. ఒంటరిగా నుంచిన చేప మూలన దాగును, లేదా ప్రక్క చేపలను వేధించును. ఒక్కొక్క జాతివి ఆరింటికి తక్కువ కాకుండ ఉంచవలెను. పది జాతులవి ఒక్కొక్కటి తెచ్చుటకన్న రెండు జాతులవి ఆరేసి తెచ్చుట చూచుటకును అందము, చేపలకును సుఖము.

నాలుగవది తిరుగు చోటు. నోరు పైకున్న పంచాక్స్ వంటివి నీటిపైభాగమున, పరిగెలు నడుమ, లోచ్ చేపలు అడుగున తిరుగును. మూడంతస్తుల ఇంటిలో మూడు కుటుంబములవలె ఇవి ఒకదానికొకటి అడ్డురావు.

ఐదవది నీరు. ఒకే వాగునుండి వచ్చిన చేపలకు ఉష్ణోగ్రత, కాఠిన్యము ఇంచుమించు ఒకటే సరిపోవును. పరదేశపు చల్లనీటి గోల్డుఫిష్‌ను మన వేడినీటి చేపలతో కలుపుట ఇరుపక్షములకును హానికరము.

కంటికి కానరాని ప్రమాదము

తోడు సరియైనను నీరు సరికాకున్నచో చేపలు బ్రతుకవు. చేపలు మొప్పలద్వారా అమోనియాను విడుచును. మిగిలిన మేత కుళ్లినను అమోనియా పుట్టును. నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియాలు దానిని నైట్రైటుగా మార్చును. నైట్రోస్పైరా వంటివి నైట్రైటును నైట్రేటుగా మార్చును. మొదటి రెండును చేపకు విషములు. నైట్రేటు వానికన్న చాల తక్కువ హానికరము. క్రొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియాలు చాలినన్ని పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అందుచేతనే క్రొత్త తొట్టిలో ఒకేసారి వేసిన చేపలు తరచు మొదటి నెలలోనే చచ్చును.

అమోనియా విషప్రభావము నీటి స్వభావమునుబట్టి మారును. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద తటస్థమైన నీటిలో మొత్తము అమోనియాలో నూటికి ఒక వంతైనను విషరూపమున నుండదు. పి.హెచ్. 8కి చేరినచో అది నూటికి సుమారు ఐదు వంతులగును. ఉష్ణోగ్రత పెరిగినను ఇట్లే పెరుగును.

భద్రాచలము, కొత్తగూడెము ప్రాంతముల ఎండలు ప్రసిద్ధములు. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీలవద్ద లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాములు కరగగా, 30 డిగ్రీలవద్ద 7.6, 35 డిగ్రీలవద్ద 7 మిల్లీగ్రాములు మాత్రమే కరగును. అదే వేడిలో చేప శరీరమునకు ప్రాణవాయువు అవసరము పెరుగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగినట్లే. ఇంగిలాయి, మట్టగిడస వంటివి గాలిని నేరుగా పీల్చుకొనగలవు కాబట్టి బ్రతుకును. పరిగెలకు ఆ శక్తి లేదు. వేసవిలో చేపల సంఖ్య తగ్గించుట, గాలిబుడగల యంత్రమును నడుపుట, తొట్టిని కిటికీ ఎండకు దూరముగా నుంచుట తప్పనిసరి.

పాఠశాలకు తగిన తొట్టి

90 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తుగల తొట్టి ఘనపరిమాణము 1,08,000 ఘన సెంటీమీటర్లు, అనగా 108 లీటర్లు. అడుగున ఇసుక, పైన ఖాళీ పోగా సుమారు 85 లీటర్ల నీరు పట్టును. నీరు, ఇసుక, గాజు కలిసి వంద కిలోగ్రాములకు మించును కనుక బలమైన బల్లపై నుంచవలెను. కుళాయినీటిలో క్లోరిన్ యున్నచో ఒక దినము వెడల్పు పాత్రలలో నిలువయుంచి వాడవలెను.

ఇందు ఆరు టిక్టోలు, ఎనిమిది చారల డానియోలు, నాలుగు చిన్న లోచ్ చేపలు సుఖముగా నుండగలవు. క్రొత్త చేపలను రెండు మూడు వారములు వేరు పాత్రలో నుంచి, రోగము లేదని తెలిసిన పిమ్మట కలుపవలెను. వారమునకొకసారి నీటిలో నాలుగవ వంతు మార్చవలెను. రెండు నిమిషములలో తినగలిగినంత మేత మాత్రమే వేయవలెను. అభయారణ్యములలో అనుమతి లేక చేపలను పట్టరాదు. ఈ జాతులు పలు అక్వేరియం అంగళ్లలోను దొరకును.

చారల డానియో, అనగా డానియో రీరియో, తొట్టికి అందమే కాక పాఠమునకు కూడ ఉపకరించును. దీనిని కూడ హామిల్టనే వర్ణించెను. మగది సన్నగా, బంగారు ఛాయతో నుండును. ఆడది పొట్ట ఉబ్బి వెండిఛాయతో నుండును. దీని పిండము పారదర్శకము. గ్రుడ్డు ఫలదీకరణము చెందిన రెండు మూడు దినములలో పిల్ల బయటికి వచ్చును. ఆలోగా కన్ను ఏర్పడుటను, గుండె కొట్టుకొనుటను సామాన్య సూక్ష్మదర్శినితోనే చూడవచ్చును. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింజర్ ఈ చేపలపై చేసిన కృషిని 1981లో ప్రకటించిన తరువాత ఇది జన్యుశాస్త్ర ప్రయోగశాలల కెక్కినది. 2013లో దీని జన్యుపటము వెలువడినది. మానవుని జన్యువులలో నూటికి 70 వంతులకు దీనిలో సాటిజన్యువులున్నట్లు దానివలన తేలినది. మన పిల్లకాలువల చేప నేడు ప్రపంచ వైద్యపరిశోధనకు ఆధారమైనది.

తొట్టిచేపను నదిలో వదలరాదు

తొట్టిలో ఇముడని చేపను ఏమి చేయవలెను? వాలుగ పిల్లను, చందా నామాను పట్టిన మడుగు వంటి చోటనే, పట్టిన దినముననే వదలుట తగును. అవి అచటివే కాబట్టి హాని లేదు. కాని అంగడిలో కొన్న పరదేశపు చేపను, లేదా దానితో కలిసి తొట్టిలో నున్న చేపను వాగులో వదలుట దయ కాదు, అపచారము. పరదేశపు చేప అచట పెరుగును. తోటిచేపకు దానినుండి రోగము అంటియుండవచ్చును.

ఇందుకు నిదర్శనములు కలవు. తిలాపియా 1952లో భారతదేశమునకు తేబడినది. నేడది దేశమంతట చెరువులలో, నదులలో వ్యాపించియున్నది. ఆఫ్రికా మార్పు పెంపకమును 2000లో కేంద్రప్రభుత్వము నిషేధించినను నీటివనరులలో చేరినదానిని ఏరివేయుట సాధ్యము కాలేదు. తొట్టి గాజులపై నాచును నాకునని అమ్ము దక్షిణ అమెరికా చేప, శరీరమంతట గట్టి పలకలుగలది, నేడు ఆంధ్రదేశపు నీటిలో "దెయ్యపు చేప"యని పేరుపొందినది. అది వలలను చింపును. చెరువుగట్లలో బొరియలు చేయును. దానిని నీటిలోనికి వదలినవారు కొందరు తొట్టి చాలక విసిగిన ప్రేమికులే యైయుండవచ్చును.

పర్ణశాలవద్ద ఒక మడుగులో వదలిన చేప అచటనే యుండునని అనుకొనరాదు. వచ్చు శ్రావణములో గోదావరి పొంగినచో మడుగు వాగగును, వాగు నది యగును. విద్యార్థికి మూడు చేపలను తెచ్చి యిచ్చిన వరదయే ఒక పరదేశపు చేపను వందల మైళ్లకు కొనిపోగలదు. వద్దనుకొన్న చేపను అమ్మిన అంగడికి తిరిగి యిచ్చుట, లేదా మరియొక పెంపకందారునికి అప్పగించుట మార్గము.

అనుమానము తీరని చేపలు ఎప్పుడును మిగులును. అట్టివాని పొడవు, మీసముల సంఖ్య, వాజముల అమరిక, పార్శ్వరేఖ, దొరికిన చోటు, తేది ఒక పుస్తకమున వ్రాసి, ఛాయాచిత్రముతో భద్రపరుపవలెను. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు హైదరాబాదులో మంచినీటి జీవుల పరిశోధన కేంద్రము కలదు. స్పష్టమైన చిత్రము, కొలతలు ఉన్నచో నిపుణులను అడుగుట సులభమగును. ఒక పాఠశాల ప్రతి వర్షకాలమున ఇట్లు పదేండ్లు వ్రాసికొన్నచో, తమ వాగులో ఏ చేపలున్నవో, ఏవి క్రొత్తగా వచ్చినవో, ఏవి కనబడుట మానినవో చెప్పగలుగును. ఆ లెక్క మొదలగుటకు కావలసినవి ఒక గాజుపాత్ర, ఒక కొలబద్ద, రంగును చివర చూడవలెనను ఓర్పు.